అత్తగారి చెక్క

నాసిక్ దగ్గరి జాంబుళ్‌వాడీలో సుందరాబాయి నవ్విందంటే మూడు తోటల అవతల తీగలకు మందు కొడుతున్నవాళ్లు కూడా పంపు ఆపి తల తిప్పుతారు. అరవై మూడేళ్ల మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. తొమ్మిది గజాల చీర గోచీ పోసి కట్టి, చేతిలో కత్తెర పట్టుకుని ద్రాక్ష వరసల్లోకి దిగిందంటే కూలికొచ్చిన పడుచు పిల్లలు ఆమె వెనకబడి పరుగెత్తాల్సిందే. కొమ్మ మీద చిగురొచ్చే ఏ కన్ను ఉంచాలో, ఏ కన్ను తీసేయాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చదువు మూడో తరగతితో ఆగిపోయింది గానీ, తీగను చూసి ఫలానా ఏడు దీనికి నీళ్లెక్కువయ్యాయని చెప్పగలదు.

అలాంటి మనిషి ఇంట్లో ఆ ఏడు ఒక చిక్కు వచ్చిపడింది. తెచ్చింది ఎవరో కాదు, ఆమె మొగుడు ధోండీరామ్.

ధోండీరామ్ మెడలో తులసి పూసలు వేసుకున్న మనిషి. ఉల్లిపాయ వాసన తగిలినా మొహం తిప్పుకుంటాడు. ఏటా ఆషాఢంలో భజన బృందంతో కలిసి పండరికి నడిచి వెళ్తాడు. వెళ్లేటప్పుడు పాడుకుంటూ వెళ్తాడు, వచ్చేటప్పుడు పాడుకుంటూ వస్తాడు. ఆసారి మాత్రం మూతి ముడుచుకుని వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా అరుగు మీద కూలబడ్డాడు.

"సోపాన్‌ని పిలు," అన్నాడు.

"ముందు మంచినీళ్లు తాగండి."

"నీళ్లు తర్వాత తాగుతా. ముందు వాణ్ణి పిలు."

సోపాన్ వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. వ్యవసాయ కాలేజీలో చదివొచ్చి, ఏడేళ్ల కిందట తోట పక్కనే రేకుల షెడ్డు వేసి, స్టీలు ట్యాంకులు దింపి, ఇంటి ద్రాక్షతో వైన్ చేయడం మొదలుపెట్టాడు. తండ్రి మీద భక్తితో దానికి 'విఠాయి' అని విఠోబా పేరే పెట్టుకున్నాడు. ఆ పేరే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

"ఇరవై రోజులూ నన్ను నమిలి ఊశారురా వాళ్లు," అన్నాడు ధోండీరామ్. "అన్నానికి కూర్చుంటే ఆ మార్తండ్ గాడు, 'ధోండీబా, ఇవాళ నీ దేవుడు గుళ్లో ఉన్నాడా, సీసాలో ఉన్నాడా?' అంటాడు. అందరూ ఒకటే నవ్వు. ఇంక నా వల్ల కాదు. పేరన్నా మార్చు, లేదంటే నా పక్క గుళ్లోనే వేయించు."

"దేవుడి పేరు పెట్టమని నువ్వేగా ఆబా అన్నావు?" అన్నాడు సోపాన్ తండ్రితో.

"తోటకు పెట్టమన్నానురా. సీసాకు పెట్టమన్నానా?"

వంటింట్లోంచి సుందరాబాయి నవ్వు ఇల్లంతా మోగింది. దాంతో ధోండీరామ్ కోపం ఇంకాస్త పెరిగింది.

కోడలు కేతకి మాత్రం లోలోపల సంతోషించింది. అమ్మకాలు చూసేది ఆమే. "మంచిదే అయింది ఆబా. మన సీసాను చూసి సగం మంది అగరుబత్తీల పెట్టె అనుకుంటున్నారు. పేరొక్కటే కాదు, బొమ్మ, రంగు, అట్టపెట్టె అన్నీ కొత్తగా చేయిద్దాం," అంది. పదిరోజులు తిరక్కుండానే పుణె నుంచి తేజస్ అనే కుర్ర ఆర్టిస్టును పిలిపించింది. చెవికి పోగు, చేతిలో ల్యాప్‌టాప్, ఎండకు కమిలిన మొహం.

అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి అతను అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"మీ వైన్ ఒక మనిషి అనుకోండి. ఎలా ఉంటుంది?"

"తాగినోడిలా ఉంటుంది," అంది సుందరాబాయి.

అందరి నవ్వుల మధ్య చాలాసేపటి వరకూ రెండో ప్రశ్న అడిగే వీలు చిక్కలేదతనికి.

రెండు వారాల తర్వాత తేజస్ మూడు బొమ్మలతో మళ్లీ వచ్చాడు. మొదటిది ఎర్రటి కళ్లతో గుడ్లురిమి చూస్తున్న పులి. ఇంటిపేరు వాఘ్‌చౌరే కదా, వాఘ్ అంటే పులే కదా అని అతని వాదన.

ధోండీరామ్ కళ్లజోడు సవరించుకుని చూశాడు. "మా వంశంలో పులిని కళ్లారా చూసింది మా తాత ఒక్కడే బాబూ. చూసి చెట్టెక్కాడు. రెండు రోజులు దిగలేదు. ఆ చెట్టు బొమ్మ వేస్తే సరిగ్గా ఉంటుందేమో."

రెండోది ఫ్రెంచి పేరు. అది సోపాన్‌కు నచ్చింది. సుందరాబాయి రెండుసార్లు పలకబోయి, "ఏరా, ఇది పేరా, తుమ్మా?" అంది. దాంతో సోపాన్‌కూ నచ్చడం మానేసింది.

మూడో బొమ్మలో పెద్ద ముక్కుపుడక పెట్టుకుని నవ్వుతున్న ముసలమ్మ ఉంది.

"ఈవిడెవరు?"

"మీరేనండీ," అన్నాడు తేజస్ సిగ్గుపడుతూ.

సుందరాబాయి బొమ్మను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "ముక్కుపుడక నాదే. మొహం మాత్రం మా ఆడపడుచుది. ఈ మొహం సీసాకు అతికిస్తే లోపలున్నది విరిగిపోతుంది నాయనా," అంది.

తేజస్ మొహం వాడిపోయింది. అది చూసి ఆమెకు జాలేసింది. జొన్న రొట్టె, శనగపిండితో చేసిన పిఠ్లా పెట్టి కడుపు నింపి, "దా, తోట చూద్దువుగాని. చూడకుండా బొమ్మలేం వేస్తావు!" అని వెంటబెట్టుకుని బయల్దేరింది. కేతకి కూడా వెనకే నడిచింది.

"ఈ పొలం ముక్క బావి చెక్క. అది చింత చెక్క, చింతచెట్టు కొట్టేశాం, పేరు మిగిలింది. ఆ గుట్ట వెనకది అత్తగారి చెక్క. వైన్‌కి మంచి షిరాజ్ ద్రాక్ష పండేది అక్కడే."

"అత్తగారి చెక్క ఏమిటండీ?"

కేతకి తల ఎత్తింది. ఏడేళ్లుగా ట్యాంకుల మీద చీటీలు రాసేది ఆమే. 'సాసూచా తుకడా' అని, అంటే అత్తగారి చెక్క అని, కొన్ని వందల చీటీలు రాసి ఉంటుంది. ఆ పేరు ఎందుకొచ్చిందో అడగాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

సుందరాబాయి గట్టు మీద కూర్చుని చెప్పింది.

పదిహేడో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. అత్తగారు భాగీరథీబాయి గుమ్మంలో నిలబడితే గొడ్లు కూడా మేత ఆపేవట. కాపురానికొచ్చిన మూడో నెలలో భాగీరథీబాయి అన్నగారు చుట్టపుచూపుగా వచ్చాడు. పంక్తిలో కూర్చుని, చిన్నప్పుడు చెల్లెలి గురకకు భయపడి దొంగలు మా ఇంటి వైపు రాలేదని చెప్పాడు. మగవాళ్లంతా నవ్వు బిగబట్టుకున్నారు. వడ్డిస్తున్న కొత్త కోడలు బిగబట్టుకోలేకపోయింది. చేతిలోని గరిటె కిందపడేలా నవ్వింది.

"మర్నాడు పొద్దున్నే నా చేతికి పలుగిచ్చింది. 'నవ్వు ఎక్కువైందిగా నీకు? గుట్ట వెనక రాళ్ల చెక్క ఉంది, అక్కడికెళ్లి నవ్వుకో. రాళ్లు ఏరి శుభ్రం చేసేదాకా పగలు ఇంట్లో కనబడకు' అంది. గడ్డి కూడా మొలవని మొరం నేల అది."

"మరి మీరేం చేశారు?"

"ఏం చేస్తాను? రాళ్లేరాను. రెండేళ్లు. ఏరినవి ఎక్కడ పొయ్యాలో తెలీక చుట్టూ గోడ కట్టాను. మా పుట్టింటి నుంచి ద్రాక్ష కొమ్మలు తెచ్చి నాటాను. బతికితే బతికాయి, లేదంటే లేదనుకున్నా. బతికాయి." ఆమె భుజాలు కుదిపింది. "నిజం చెప్పనా? ఇంట్లో కంటే అక్కడే హాయిగా ఉండేది. ఎంత నవ్వినా అడిగేవాడు లేడు."

తేజస్ కేతకి వైపు చూశాడు. కేతకి తేజస్ వైపు చూసింది.

"ఆయీ, ఇదే పేరు," అంది కేతకి అత్తగారితో.

"ఏది?"

"సాసూచా తుకడా. సీసా మీద ఇదే రాద్దాం."

సుందరాబాయి చివ్వున లేచింది. "నీకేమన్నా మతిపోయిందా? ఇప్పుడీ ఇంట్లో అత్త ఎవరు? నేను! సీసా మీద అత్త అని కనబడితే నాసిక్ అంతా ఏమనుకుంటుంది? కోడలు భలే కసి తీర్చుకుందంటుంది."

"కసి తీర్చుకోవాల్సినవి వేరే ఓ నాలుగున్నాయిలే ఆయీ. వాటికి సీసాలు చాలవు," అంది కేతకి.

సుందరాబాయికి నవ్వొచ్చింది గానీ ఒప్పుకోలేదు. ఇంటికెళ్తే ధోండీరామ్ అంతకన్నా గట్టిగా పట్టుబట్టాడు. "దేవుణ్ణి దింపి మా అమ్మను ఎక్కిస్తారా? ఇంతకన్నా ఆ పులే నయం!"

వారం గడిచింది. పేరు సంగతి తేలలేదు. సుందరాబాయి రోజూ గుట్ట వెనక్కి వెళ్లి తీగలు కడుతూ ఉండేది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, ఆమెకు అత్తగారే కళ్లముందు మెదిలేది. ముసలితనంలో భాగీరథీబాయి కర్ర పోటేసుకుంటూ వచ్చి ఆ రాతిగోడ మీద కూర్చునేది. ఒక గుత్తి తినేది. "పులుపు," అనేది. "ఇంకో గుత్తి తే," అనేది. తియ్యగా ఉన్నాయని ఒక్కనాడూ అనలేదు. ఒకసారి పొరుగు రైతు ఒకడు ఆ చెక్క కొంటానని బేరానికొచ్చాడు. గడ్డివామి వెనక పేడ ఎత్తుతున్న సుందరాబాయి అత్తగారి జవాబు చెవులారా విన్నది. "నన్నడుగుతావేం? అది నా కోడలు చేసిన నేల. దాన్నడుగు." ఆ మాట ఆమె కోడలి ముఖాన ఎప్పుడూ అనలేదు. విన్నానని కోడలూ చెప్పలేదు. ఆ రోజు మాత్రం పేడ గంపలో ఉన్నట్టే ఉండి మాయమైపోయింది. ఎప్పుడు ఎత్తిందో, ఎప్పుడు పారబోసి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మొగుడికి రొట్టె వేస్తూ అడిగింది. "ఏవండీ, మీ అమ్మే ఉండి ఉంటే దీనికేమనేది?"

ధోండీరామ్ ముద్ద నములుతూ ఆలోచించాడు. "ముందు నన్ను తిట్టేది."

"ఆ తర్వాత?"

అతని మీసాల కింద పెదవి కదిలింది. "అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెయ్యమనేది."

సోపాన్‌కు పొలమారింది. కేతకి వీపు తట్టింది. అలా తేలిపోయింది వ్యవహారం.

ఈసారి తేజస్ మనిషి బొమ్మ వేయలేదు. బూడిదరంగు గరుకు కాగితం మీద పెద్ద అక్షరాల్లో పేరు, కింద నల్లగీతతో రాతిగోడ. సుందరాబాయి పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపింది. "గోడ ఇంత తిన్నగా ఎక్కడుంది? ఈ మూల మా ఎద్దు గుద్దితే కూలింది. మళ్లీ కట్టలేదు." తేజస్ ఆ మూల కూల్చేశాడు. అప్పుడు ఒప్పుకుంది.

జనవరిలో కొత్త సీసాలు బయటికొచ్చాయి. కబురు విని మొదట వచ్చింది మార్తండే. సీసాను అటూ ఇటూ తిప్పి చదివి, "ఏం ధోండీబా, దేవుడు దిగిపోయి అమ్మ ఎక్కిందా?" అన్నాడు.

"అది పొలం పేరురా. తలాఠీ ఆఫీసుకెళ్లి పొలాల దస్తరం చూసుకో," అన్నాడు ధోండీరామ్ ఛాతీ విరుచుకుని.

మార్తండ్ కాసేపు గడ్డం గీరుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఖాళీ సీసా ఒకటుంటే ఇయ్యి. ఊరికే... మా ఇంట్లో కోడలికి కనబడేలా గూట్లో పెడతా," అన్నాడు.

హోలీ రాకముందే షిరాజ్ అయిపోయింది. కొన్నవాళ్లలో సగం మంది తాగడానికి కాదు, అత్తగారికి ఇవ్వడానికో, అత్తగారు కోడలికి ఇవ్వడానికో కొన్నారు. ఆదివారాల్లో నాసిక్, ముంబయి నుంచి కార్లు వస్తున్నాయి. సుందరాబాయి షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎవరైనా సీసా అడిగితే, "కానుకగానా, దెప్పడానికా?" అని అడిగి గానీ ఇవ్వనివ్వదు. దెప్పడానికని చెప్పినవాళ్లకు కాస్త మర్యాద ఎక్కువ.

మొన్నొక ఆదివారం ఠాణె నుంచి అత్తాకోడళ్లు వచ్చారు. కొడుకు నడుపుతుంటే ఒకే కార్లో వచ్చారు గానీ దిగినప్పుడు చెరోవైపు చూస్తున్నారు. సుందరాబాయి ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, చెరో గ్లాసూ పోయించి, వేడివేడి పిఠ్లా రొట్టె పెట్టించి, మధ్యలో తనూ కుర్చీ లాక్కుంది. రెండు గంటలు ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. వెళ్లేటప్పుడు మాత్రం ఆ అత్తా కోడలూ వెనక సీట్లో పక్కపక్కనే కూర్చుని, కారు నడుపుతున్న కొడుకును ఇద్దరూ ఒక్క గొంతుతో తిట్టుకుంటూ వెళ్లిపోయారు.