కిటికీలోంచి దించిన బుట్ట

“...వెయ్యనంటే వెయ్యను! ఆ ఇంగ్లీషోడి కడుపులోకి పోయేకంటే నా చేప కుక్క తినడం నయం!”

మూడో అంతస్తు కిటికీలోంచి ఫెలిస్మీనా తాడు కట్టి దించిన బుట్ట, చేపలమ్మే కితేరియా మొహం ముందు ఖాళీగా ఊగుతోంది.

“వాడితోపాటు నేనూ తినాలి కదే!”

“వాడి బూట్లు ఉడకేసుకుని తిను!”

వీధంతా నవ్వింది. ఫెలిస్మీనా బుట్ట పైకి లాక్కుంది.

మొగుణ్ణి సముద్రం మింగాక గదులు అద్దెకిచ్చి బతుకుతున్న మనిషి ఆమె. ఇన్నేళ్లూ కితేరియా చేపలు ఆ బుట్టలోనే పైకొచ్చాయి. ఈ 1890 జనవరిలో ఆఫ్రికా భూముల కోసం ఇంగ్లండు పోర్చుగల్‌ను బెదిరించింది. అప్పట్నుంచి లిస్బన్‌లో ఇంగ్లీషు మాట వినబడితే ఉమ్మేస్తున్నారు. ఆ వేడిలోనే ఈ వీధి మెట్ల మీద ఒక ఇంగ్లీషు సారా వ్యాపారి కత్తిపోటుకు చచ్చాడు. రాజరికం వద్దనే కుర్రకారులో ఒకడని, ఆ హత్య కింద కితేరియా కొడుకు జనువారియోను పోలీసులు పట్టుకుపోయారు. నేరం రుజువైతే ఆఫ్రికాకు ఓడెక్కిస్తారు. సంగతి తేల్చడానికి లండన్ నుంచి వచ్చిన డిటెక్టివ్ ప్రెవిట్, ఫెలిస్మీనా ఇంట్లో దిగాడు.

అతను వంటగదిలోకొచ్చి ఖాళీ బుట్ట చూశాడు.

“మళ్లీ ఎండుచేపేనా?” అన్నాడు వచ్చీరాని భాషలో.

“మీ చలవే దొరా.”

“హత్య జరిగినప్పుడు నీ బుట్ట వీధిలో వేలాడుతోందట. అంటే నువ్వు కిటికీలో ఉన్నావు. ఎవర్ని చూశావు?”

“వెల్లుల్లి ఒలుచుకుంటున్నా.”

“మావాళ్లకి ఒక పేరు చాలు. నువ్వు నోరు విప్పకపోతే ఆ కుర్రాడి పేరే రాసి పడవెక్కుతాను.”

“వాడు కాదని తెలిసే? సిగ్గులేదూ మీకు?”

“నీకుందా?”

ఆమె చూసింది. జమీందారు కౌంటుగారి గుర్రబ్బండి తోలే సతుర్నీనో ఆ మెట్ల మీద కత్తి తుడుచుకోవడం కళ్లారా చూసింది. కౌంటు ఇంగ్లీషువాళ్లతో చాటుగా చేసుకున్న బేరాలు చచ్చినవాడికి తెలుసని వీధిలో గుసగుస. ఈ ఇల్లూ కౌంటుదే. నోరు తెరిస్తే తన మంచం, గిన్నెలు వీధిలో ఉంటాయి.

కింద మలుపులో బండి ఆగింది. సతుర్నీనో దిగి, కితేరియా గంపలోంచి అడక్కుండానే ఒక చేప తీశాడు.

“దిగులుపడకత్తా! ఆఫ్రికాలో కూడా నీ కొడుక్కి చేపలు దొరుకుతాయిలే!”

ఈసారి ఎవరూ నవ్వలేదు. కితేరియా గంప మీద గుడ్డ కప్పుకుంది.

ఫెలిస్మీనా మళ్లీ బుట్ట దించింది. కితేరియా దాన్ని విసురుగా తోసేసింది.

“చెప్పానుగా, నీకు వెయ్యనని!”

ఫెలిస్మీనా నడుము దాకా కిటికీలోంచి వంగింది.

“వెయ్యకు! రేపు పొద్దున ఈ ఇంగ్లీషోడితో కలిసి జడ్జీ దగ్గరికి పోతున్నా. కత్తి తుడుచుకున్నది ఎవరో చెప్తా. సతుర్నీనో, నువ్వూ విను!”