మా ఇంట్లో వినబడిన అపవిత్రం

మా తమ్ముడు చిలకలూరిపేటలో నూలు మిల్లులో పనిచేస్తాడు. నేను టీచర్ని, పల్లెలో అమ్మతోనే ఉంటాను. ఆదివారం మా ఊరొచ్చి, అమ్మ చేతి వంట తిని వెళ్లడం వాడి అలవాటు. పోయిన వేసవిలో ఒక ఆదివారం అమ్మ వాడికి ఇష్టమని గోంగూరలో ఎండు రొయ్యలు వేసి వండింది. వడ్డించగానే వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మా, ఇది అపవిత్రం. నేను తినను."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మిల్లు వాళ్లు కొందరు కొత్తగా పెట్టుకున్న ప్రార్థన కూటానికి వాడు వెళ్తున్నాడని తెలుసు. అక్కడ మోషే ధర్మశాస్త్రంలో కూడదన్నవేవీ తినరట. తినకపోతే పోనీ. కానీ ఆ మాట! బయటివాళ్లు మా గూడేన్ని అన్న మాట అది. మా ఇంట్లో, మా కంచం ముందు, మావాడే అన్నాడు.

అమ్మ తిట్టలేదు. బైబిలు తెచ్చి నా చేతికిచ్చి, అదెక్కడుందో చదవమంది. పుట్టినప్పటి నుంచీ చర్చికి వెళ్తున్నా, లేవీయకాండంలో ఆ అధ్యాయాన్ని నేనెప్పుడూ మనసు పెట్టి చదవలేదు. డెక్కలు చీలి, నెమరు వేసే జంతువుల్ని తినవచ్చు. ఒంటె, కుందేలు, పంది కూడదు. నీళ్లలోవాటికి రెక్కలు, పొలుసులు ఉండాలి. రొయ్యకు పొలుసులెక్కడివి? వాడన్నది నిజమే. ద్వితీయోపదేశకాండంలోనూ ఉందని వాడే పేజీలు తిప్పి ఇచ్చాడు. తినదగిన జంతువుల పేర్లు మొదలుపెట్టగానే అమ్మ ఆపింది.

"మొదట ఏం చదివావు?"

"ఎద్దు."

"ఎద్దు మాంసం తినొచ్చని ఉందా? సరిగ్గా చూసి చెప్పు."

ఉందన్నాను. అమ్మ గోడకు జారబడింది. తర్వాత, మాకెన్నడూ చెప్పనిది చెప్పింది.

పెళ్లికి ముందు దర్శి వైపు మిరపకోతలకు వెళ్లిందట. మధ్యాహ్నం గట్టు మీద ఎద్దు కూర తెచ్చుకున్న క్యారేజీ మూత తీసేసరికి, పక్కన తింటున్న ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని లేచి దూరంగా పోయారట. రైతు భార్య నీళ్ల బిందె ముట్టుకోవద్దందట. అమ్మ ఆ కూరంతా కాలవలో పారబోసి, ఆకలి కడుపుతో పొద్దుగూకేదాకా కాయలు కోసింది.

"ఇన్నేళ్లూ మనం తినేదే తప్పనుకున్నానే," అంది నాతో.

తమ్ముడు బిత్తరపోయి చూశాడు. అమ్మను తక్కువ చేయాలని అనలేదన్నాడు. తాగుడు మానలేక నలిగిపోయిన రోజుల్లో ఆ కూటంలో చేరాడట. తినే ముద్దకు దేవుడి కోసం ఒక హద్దు పెట్టుకున్నాకే, గ్లాసును పక్కన పెట్టడం చేతనైందట. అదీ మాకు తెలియదు.

తర్వాతి వారం పాస్టరు గారు ప్రార్థనకు వచ్చినప్పుడు అమ్మ ఇదంతా అడిగింది. ఐగుప్తు దాస్యం నుంచి బయటపడ్డ జనాన్ని తన ప్రజలుగా ప్రత్యేకించడానికి దేవుడు ఆ నియమాలు ఇచ్చాడని ఆయన చెప్పారు. పేతురుకు దర్శనంలో అన్ని జంతువులనూ చూపించి, దేవుడు పవిత్రం చేసినదాన్ని నిషిద్ధమనవద్దని చెప్పాడు గనుక మన సంఘం వాటిని పాటించదన్నారు. అయినా ఎవరైనా దేవుడి కోసం మానుకుంటే వాళ్లను ఆక్షేపించకూడదన్నారు.

అమ్మ అంతా విని అడిగింది. "మావాడు దేవుడి కోసం మానుకున్నాడు, సరేనండీ. ఆ రోజు గట్టు మీద నుంచి లేచి వెళ్లినవాళ్లు ఎవరి కోసం లేచి వెళ్లారండీ?"

పాస్టరు గారు కళ్లజోడు తీశారు. "మా అమ్మ దగ్గర్నుంచి కూడా అలాగే లేచి వెళ్లారమ్మా," అన్నారు. ఆ రోజు ఆయన ప్రార్థన సగంలోనే ఆగిపోయింది.

తమ్ముడు ఇప్పటికీ రొయ్యలు ముట్టడు. వాడి కోసం అమ్మ పప్పు చేస్తుంది. ఏదైనా తినకూడనిది ఉంటే "నాకొద్దమ్మా" అంటాడు, అంతే. నాకు మాత్రం, అమ్మ పక్కన ఒక్క చాప మీద పడుకుని పెరిగిన నాకు, అమ్మ గురించి ఇంత తెలియకుండా పోయిందన్నది ఇంకా మింగుడు పడలేదు.