శాంతిప్రియ మేడమ్ ప్లాట్‌ఫారం

శాంతిప్రియ మేడమ్‌కి ఒకే ఒక్క పిచ్చి. ల్యాబులో అయాన్లకు రైల్వే అనౌన్స్‌మెంట్లు చేస్తుంది. కిరండూల్ లైన్లో స్టేషన్ మాస్టరు కూతురు మరి. పుట్టగానే ఏడవలేదట, ఈల వేసిందట!

జగ్దల్‌పూర్ కాలేజీలో ఆమె దగ్గర ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేస్తున్న మరైగూడ పిల్ల కల్యాణికి మొదట్లో ఈ గోల తలనొప్పిగా ఉండేది. కల్యాణి పని, కంటికి ఆనని రంధ్రాలున్న పాలిమర్ పొర చేసి రెండు గాజు గదుల మధ్య బిగించడం. ఒక గదిలో పొటాషియం ఉప్పు, నీలిరంగు కలిపిన నీళ్ళు. కరెంటు పెడితే సన్నటి పొటాషియం అయాన్లు పొర దాటి అవతలి మంచినీళ్ళలోకి పోవాలి. లావుపాటి నీలం అయాన్లు ఆగిపోవాలి.

మేడమ్ గరాటు నోటికి పెట్టుకునేది.

"యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దే! పొటాషియం గారు గేటు దాటవచ్చు. నీలం గారూ, మీకు లగేజీ ఎక్కువైంది, ఆగండి!"

నీలం గారు ఆగితేగా! టిక్కెట్టు లేని పెళ్ళివారిలా దర్జాగా అవతల దిగేవారు.

"బండి ఆలస్యం! తప్పు రైల్వేది, ప్రయాణికులది కాదు!"

"ఏంది మేడమ్! నా పొర జల్లెడైతే రైల్వేని తిడతరు?"

"ఊరుకోయే. టీ తాగి ఇంకో పొర పొయ్యి."

అయాన్లు దాటిందీ లేనిదీ చూపే మీటరు అరువు తెచ్చింది, శనివారం వెళ్ళిపోతుంది. ఈలోగా పొర నిలవకపోతే కల్యాణికి ఈ ఏడు డిగ్రీ లేనట్టే.

శుక్రవారం కూరలో వేద్దామని ఉప్పు డబ్బా తీస్తే, ముసురుకి ఉప్పంతా నీరు కారి ఉంది. కల్యాణి గరిటె వదిలేసి లేచింది. దొంగ దొరికాడు! పొర ఆరేటప్పుడు గాలిలో తేమ దానిమీద చుక్కలుగా దిగి బొక్కలు పెడుతోంది. వెంటనే చెప్పుల దుకాణాలన్నీ తిరిగి, చెప్పుల పెట్టెల్లో వేసే తేమ పీల్చే పొట్లాలు అడుక్కొచ్చింది. కొత్త పొరను వాటితో కలిపి బిగుతు డబ్బాలో ఆరబెట్టింది.

శనివారం స్విచ్చి వేసింది. మీటరులో అంకె కదిలింది. ఎగబాకింది! నీలం మాత్రం ఇవతలే. అవతలి నీళ్ళు తేటగా ఉన్నాయి.

"మేడమ్! దాటింది! ఆగింది!" కల్యాణి గంతులేసింది.

మేడమ్ నవ్వుతూ నిలబడింది. గరాటు మాత్రం ముట్టుకోలేదు.

"అనౌన్స్ చెయ్యరా?"

"బండొచ్చేసినాక ఎందుకే? రానప్పుడే కదా, ప్లాట్‌ఫారం మీద ఒక్కలే కూకున్నోళ్ళకి ఒక గొంతు వినపడాల."

కల్యాణికి ఆమెను కావలించుకోవాలనిపించింది. అంతలో పక్క బల్ల దగ్గర తోటి విద్యార్థి ఆయతు చేతిలో పొర చిరిగిపోయింది. పాపం, తల పట్టుకుని కూలబడ్డాడు. మేడమ్ గరాటు అందుకుని గొంతు సవరించుకుంది.

కల్యాణి పరుగున వెళ్ళి ఆమె పక్కన నిలబడింది.

"హిందీల మీరు చెప్పుండ్రి మేడమ్. మా ఇంటి భాష దోర్లీల నేను చెప్తా!"