శనగ చేనిలో మొదటి సాలు

మాఘమాసంలో ఒక గురువారం, పొద్దున ఐదున్నర. కోయిలకుంట్ల దగ్గర నల్లరేగడి చేను. శనగ పీకడానికి దిగాం. మంచు ఆరకముందే పీకాలి. ఎండెక్కితే కాయ రాలిపోతుంది, రైతు తిడతాడు. తిట్టడం న్యాయమే.

తలా ఒక సాలు పట్టి అందరం ఒకే వరసలో ముందుకు కదలడాన్ని మునుం అంటాం. మొదటి సాలు పట్టిన మనిషి నడకే అందరి నడక. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయిగానీ, మొదటి సాలు వయసులోనే వచ్చింది. అది పెత్తనం అనుకునేవాళ్ళు ఒక్క పొద్దు పట్టి చూడాలి.

ఆ రోజు చివరి సాలులో కొత్త మనిషి. నేతవాళ్ళ కోడలు. ఇంట్లో మగ్గం ఆగిపోయి, మొదటిసారి కూలికి వచ్చింది. మేము గట్టు చేరేసరికి ఆమె సగం చేనులోనే ఉంది. పిడికిలికి అందినన్ని పీకి కుప్ప వేయాల్సింది పోయి, ఒక్కొక్క మొక్కే పీకి, వేళ్ళన్నీ ఒకే దిక్కుకు వచ్చేటట్టు పేరుస్తోంది.

"ఏమ్మే, పోగులు సర్దుతాండావా?" అని గట్టు మీంచి మా తోడికోడలు అరిచింది. అందరూ నవ్వారు. తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, రేపట్నించి ఈమెను పిలచద్దు. ఈమె కోసరం మనం ఎండలో మాడాల్నా?" అంది.

జట్టులో ఎవరుండాలో చెప్పేది నేనే. ఈ కూలి పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని నాకు తెలుసు.

మొదటి సాలు మనిషి కూర్చుంటేనే మిగతావాళ్ళు కూర్చోవాలి. అది మా కట్టుబాటు. నేను కూర్చోలేదు. గట్టు దగ్గర నుంచి ఆమె సాలులోకే దిగి, ఆమెకు ఎదురుగా పీక్కుంటూ పోయాను.

తోడికోడలు గొణుక్కుంటూ వెనకే దిగింది.

"నిన్నెవరు రమ్మన్యారే?" అన్నాను.

"నీ నడుం పడిపోతే మోసకపోయేది నేనే గదా!"

మధ్యలో కలిశాం. శనగాకు మీద ఊరే పులుపుకు కొత్తామె అరచేతులు ఎర్రగా మండిపోయి ఉన్నాయి.

"పెద్దమ్మా, రేపు రావాల్నా, వద్దా?" అని అడిగింది.

"చేతులకు గుడ్డ చుట్టుకో. నా పక్క సాలు పట్టు," అన్నాను.

నా చేయి చూసి పిడికిలి పట్టడం నేర్చుకుంది. ఒక్క పూటలో పనిమంతురాలైందని రాస్తే అబద్ధం. రెండో మునుంలోనూ వెనకబడింది. ఈసారి నేను కదలకముందే మా తోడికోడలు తిట్టుకుంటూ ఆమెకు ఎదురు పోయింది. ఎండ ముదిరేలోపల చేను అయింది.

ఆ పొద్దు రెండో మునుంలో వరస ఇది: మొదటి సాలులో నేను, నా పక్కన నేతవాళ్ళ కోడలు, తర్వాత మా తోడికోడలు, ఆమె కూతురు, దూదేకుల అక్కచెల్లెళ్ళు ఇద్దరు. గట్టు మీద రైతు. మరుసటి పొద్దూ అదే వరస.