నాలో దయ్యం లేదని దేవుడు చెప్పించాడు

సహోదరులారా, నా తోటి అక్కలారా, ప్రభువు నామంలో అందరికీ వందనాలు! రెండేళ్ల క్రితం ఇదే మందిరంలో నన్ను చాప మీద కూర్చోబెట్టి, నా జుట్టు విప్పి, నలుగురు నా భుజాలు అదిమిపట్టుకుని "వదిలిపో, వదిలిపో" అని కేకలు వేసిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు నా భుజాల మీద ఉన్న చేతులు ఎవరివో వాళ్లు ఇప్పుడు కూడా ఇక్కడే ఉన్నారు. మిమ్మల్ని నిందించడానికి నేను ఇక్కడ నిలబడలేదు, కానీ జరిగింది జరిగినట్టు చెప్పకపోతే అది సాక్ష్యం కాదు కదా! అందుకే చేదుగా ఉన్నా చెబుతాను, దయచేసి ఓర్చుకుని వినండి.

నా పేరు స్వరూప. మేము జహీరాబాద్‌లోనే ఉంటాము, నా భర్త ప్రభాకర్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, నేను రోజూ బస్సెక్కి చిరాగ్‌పల్లి అంగన్‌వాడీకి వెళ్లే టీచర్‌ను. మాకు ఒక్కతే కూతురు, పేరు కృప. పిల్లలంటే నాకు ఎంత ఇష్టమో మీకు తెలుసు, ఆదివారం బడిలో పదేళ్లు పాటలు నేర్పింది నేనే, మీ పిల్లలు సగం మంది నా ఒళ్లోనే పెరిగారు. అలాంటి నేను మనిషిని కాకుండా పోయాను!

ముప్పై నాలుగో ఏట నాకు నెలనెలా కడుపునొప్పి విపరీతంగా వచ్చేది, పని చేసుకోలేక పోయేదాన్ని, ఒక ప్రైవేటు దవాఖానకు పోతే అక్కడి డాక్టరు స్కానింగ్ చూసి, "గర్భసంచి తీసేయాలి, ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అవుతుంది, ఒక బిడ్డ ఉంది కదా, ఇంక ఆ సంచితో నీకు పనేముంది?" అన్నాడు. క్యాన్సర్ అనే మాట చెవిన పడితే ఇంక బుద్ధి పని చేస్తుందా! మూడో రోజే ఆపరేషన్ అయిపోయింది. ఇంకో డాక్టరును అడుగుదామని మాకు తోచలేదు, అడగమని చెప్పినవాళ్లూ లేరు. ఇంటికి పంపేటప్పుడు ఇంగ్లీషులో రాసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు, అది బీరువాలో చీరల కింద పడి ఉంది, మేము చదవలేదు.

నెల తిరగకముందే మొదలైంది. అన్నం వండుతూ ఏడుపు, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఏడుపు, ఎవరైనా "బాగున్నావా" అంటే ఏడుపు! ఎవరూ చనిపోలేదు, ఎవరూ తిట్టలేదు, ఊరికే కళ్లలోంచి నీళ్లు కారిపోయేవి. ఏడుపు లేని గడియలో కోపం. గిన్నె చప్పుడైతే కోపం, నా భర్త దగ్గితే కోపం, ఫ్యాను తిరిగితే కోపం, ఆగితే కోపం. ఒంట్లో ఉన్నట్టుండి సెగ పుట్టి మెడ మీద నుంచి చెమటలు కారేవి, ఆ సెగ వచ్చినప్పుడు నా నోటి నుంచి ఏ మాట వస్తుందో నాకే తెలిసేది కాదు. నిద్ర పూర్తిగా పోయింది. మోకాళ్ల మీద పడి ప్రార్థన చేద్దామంటే "ప్రభువా" అన్న మాట దగ్గరే ఆగిపోయి, నేల మీద తల పెట్టి ఏడ్చేదాన్ని.

ఒకరోజు అంగన్‌వాడీలో నాలుగేళ్ల పాప చేతిలోంచి ఉడికిన గుడ్డు జారి కింద పడింది. అంతే, ఇంకేమీ కాలేదు, గుడ్డు పడింది! నేను అరిచిన అరుపుకు ఆ బిడ్డ నిలబడ్డచోటే బట్టలు తడుపుకుంది, మిగతా పిల్లలంతా గోడకు అతుక్కుపోయి నన్నే చూస్తున్నారు. మర్నాడు ఆ పాప తల్లి వచ్చి గుమ్మంలోనే నిలబడి, "నువ్వే గిట్ల ఒర్లితే మా పోరగాండ్లను ఎవల దగ్గరికి తోలాలె టీచర్? నీకేమైందో ఏమో, జర సూపెట్టుకో," అని బిడ్డ చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. తప్పు నాదే, లోపలికి పోయి బియ్యం డబ్బా పక్కన కూర్చుని మళ్లీ ఏడ్చాను.

ఇంట్లో వాళ్లు చూసి చూసి విసిగిపోయారు. నా భర్త చెడ్డవాడు కాదు, కానీ అతని అన్నదమ్ములు అడిగితే "దానికి దిమాక్ ఖరాబైంది" అని చెప్పడం నా చెవులారా విన్నాను. ఇక్కడికి వస్తే, నాకు విశ్వాసం తగ్గిందని కొందరు, రహస్య పాపం ఉందని కొందరు, ఎవరో చేతబడి చేశారని కొందరు అన్నారు. చివరికి అపవిత్రాత్మ అన్నారు, మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టారు, ఆ మూడో శుక్రవారమే నన్ను చాప మీద కూర్చోబెట్టింది. నేను కొట్టుకుని ఏడుస్తుంటే దయ్యం ఏడుస్తోందన్నారు, అలసి ఊరుకుంటే దయ్యం దాక్కుందన్నారు! మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను, ఆ సాయంత్రం నా పదకొండేళ్ల బిడ్డ బయట కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి అంతా చూసింది. మర్నాటి నుంచి బడిలో దాన్ని "దయ్యం బిడ్డ" అన్నారట, ఆ మాట నాకు చెప్పలేదు, వాళ్ల నాన్నకు చెప్పుకుంది.

ఇంక నేను చేసింది చెప్పాలి. ఒక ఉదయం బిడ్డకు జడ వేస్తున్నాను, రిబ్బను ఎంతకీ ముడిపడటం లేదు, కళ్ల నుంచి నీళ్లు దాని మెడ మీద పడ్డట్టున్నాయి, అది వెనక్కి తిరిగి మెల్లగా, "మళ్ల ఎందుకు ఏడుస్తున్నవ్ అమ్మ?" అంది. అంత చిన్న మాట! నా చేతిలో ఉన్న ఇనుప దువ్వెనతో కొట్టాను, కనుబొమ్మ మీద చిట్లి రక్తం కారింది, ఆ రక్తం చూసి కూడా ఆగలేదు, "నీ మొఖం సూడబుద్ధి గాదు, నువ్వు పుట్టకున్నా మంచిగుండు" అన్నాను. అది ఏడవలేదు సహోదరులారా. సంచి భుజాన వేసుకుని బడికి పోయింది. తర్వాత కొన్నాళ్లకు గురుకులం హాస్టలు ఫారం తానే తెచ్చుకుని, తానే నింపి, వాళ్ల నాన్నతో సంతకం పెట్టించుకుని, పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. నాకు తెలిసింది పెట్టె సర్దుకున్న రోజునే. పదకొండేళ్ల పిల్ల తల్లి నుంచి తప్పించుకోవడానికి దారి తానే వెతుక్కుంది! ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

అది వెళ్లిన నాలుగైదు నెలలకు, ఒకరోజు అంగన్‌వాడీలో పిల్లలందరూ ఇళ్లకు పోయాక తలుపు దగ్గరకు వేసి నేల మీద కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం నాకు ప్రార్థన వచ్చింది, చాలా నెలల తర్వాత వచ్చింది. అందమైన ప్రార్థన కాదు, కొట్లాట లాంటిది. "యేసయ్యా, నాలో దయ్యం ఉంటే తీసెయ్యి. లేకపోతే లేదని ఎవరితోనైనా చెప్పించు. ఎవరితోనైనా సరే. నేనింక మోయలేను. నా బిడ్డ పోయింది, నీవు కూడా మాట్లాడకపోతే నేనెక్కడికి పోవాలి?" ఇంతే అన్నాను. ఏ స్వరమూ వినిపించలేదు, ఏ వెలుగూ కనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు హాస్టలుకు పంపాల్సిన కృప లంగా పొడవు పెంచాలని మా వీధిలో బట్టలు కుట్టే నూర్జహాన్ ఆపా దగ్గరికి వెళ్లాను. అది మంచి చలికాలం, ఆపా శాలువా కప్పుకుని మిషను ముందు కూర్చుంది, నేనేమో చెమటలు కారుతూ, చేతిలో ఉన్న పాత పుస్తకంతో విసురుకుంటున్నాను. లంగా చేతికిస్తూనే ఏడ్చేశాను. ఆమె భయపడలేదు, ఎందుకని కూడా అడగలేదు, మిషను ఆపి నన్ను కాసేపు చూసింది.

"ఇంత సలిల చెమటలేంది స్వరూపా? ఒళ్లంత సెగలొస్తయా?"

"వస్తయి ఆపా."

"నిద్ర పడ్తలేదు, జర్రంతకే గుస్స వస్తది, ఉత్తగనే ఏడ్పొస్తది. అవునా? నీకు సంచి తీసిన్రు గద. ఒక్క సంచేనా, పక్కన అండాలు గూడ తీసిన్రా?"

"నాకెరుక లేదు," అన్నాను. నిజంగానే నాకు తెలియదు! నా శరీరంలోంచి ఏమి తీశారో నాకు తెలియదు!

"బీదర్ల మా అక్కకు గిట్లనే అయింది. రెండేండ్లు తాయెత్తులు గట్టుకుంట తిరిగినం. దయ్యం లేదు గియ్యం లేదు, దవ తింటే మంచిగైంది. ఫికర్ జేయకు, రేపు ఆ దవాఖానల ఇచ్చిన కాగితం పట్టుకో, నేనొస్త నీ ఎంబడి."

దయ్యం లేదని చెప్పించమని నేను అడిగాను, మరుసటి రోజే దేవుడు చెప్పించాడు! ఎవరితోనైనా సరే అన్నాను, ఆయన ఆపాతో చెప్పించాడు. దేవునికే మహిమ!

మరునాడు ఆపా మిషను మూసేసి నాతోపాటు సర్కారు దవాఖానకు వచ్చింది, నా భర్త కూడా సెలవు పెట్టి వచ్చాడు. అక్కడి లేడీ డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివి, "రెండు అండాశయాలు కూడా తీసేశారమ్మా. ముప్పై నాలుగేళ్లకే ముట్లుడిగిన ఒళ్లయిపోయింది మీది. ఈ ఏడుపు, కోపం, సెగలు చాలామందికి దీనివల్లే వస్తాయి. మీకెవరూ చెప్పలేదా?" అంది. చెప్పలేదన్నాను. ఆమె కాగితం మడిచి నా చేతికిచ్చింది. తర్వాత, "మీ గుణం చెడలేదు, మందులున్నాయి," అంది. నా భర్త బయటికి వచ్చి గోడకు తల ఆనించుకుని, "సంతకం పెట్టింది నేనే గద స్వరూప, ఏం తీస్తున్నరని ఒక్క మాట అడగలే," అని పెద్దగా ఏడ్చాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఏడవడం అదే మొదటిసారి చూశాను.

పరీక్షలు చేసి మందులిచ్చారు, వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడే ఇంకో మేడమ్ దగ్గరికి పంపారు. ఒక్క రోజులో అద్భుతం జరగలేదు. మొదట నిద్ర వచ్చింది, తర్వాత సెగలు తగ్గాయి, మూడో నెలలో ఒక రోజు మొత్తం ఏడవలేదని పడుకోబోయే ముందు గుర్తొచ్చి మోకాళ్లూని స్తోత్రం చెప్పాను. ఇప్పుడు కూడా కోపం వస్తుంది, అది లేచేటప్పుడు నాకు తెలుస్తుంది, లేచి బయటికి వెళ్లి నడిచి వస్తాను. చిరాగ్‌పల్లి పాప మళ్లీ అంగన్‌వాడీకి వస్తోంది, కానీ ఇంకా నాకు దూరంగానే కూర్చుంటుంది.

మన పాస్టరయ్య దగ్గరికి వెళ్లి ఆ కాగితం చూపించాను. అయ్యగారు తల వంచుకుని, "దయ్యాన్ని గద్దించినం గని, నీకేం నొప్పని అడగలేదు బిడ్డా. మమ్మల్ని క్షమించు," అన్నారు. సాక్ష్యం చెప్పమని ఆయన అడిగారు కాబట్టే ఈ రోజు నేను ఇక్కడ నిలబడ్డాను. ఆయనను క్షమించాను. నాకు ఆపరేషన్ చేసిన డాక్టరును క్షమించానని కూడా చెప్పమని ఒక సహోదరి సలహా ఇచ్చింది, కానీ దేవుని సన్నిధిలో అబద్ధం చెప్పలేను, ఇంకా క్షమించలేదు. ఆ ప్రైవేటు దవాఖాన ఉన్న వీధిలోంచి ఆటో పోతే ముఖం తిప్పుకుంటాను. క్షమించే మనసు ఇమ్మని రోజూ అడుగుతున్నాను, మీరూ నా కోసం అడగండి.

మొన్న సెలవులకు కృప వచ్చింది. దాని ముందు కూర్చుని, చేతులు జోడించి, జరిగిందంతా చెప్పి క్షమించమన్నాను. అది, "మందులు ఆపితే మళ్ల గట్లనే అయితవా?" అని అడిగింది. డాక్టరమ్మను అడక్కుండా ఆపను బిడ్డా అన్నాను. "మంచిగైనవ్ అమ్మ, నాకెరుకనే. గని నువ్వు దగ్గరికొస్తే నాకింకా భయమైతది," అంది. మూడు రోజులుండి, ఇంకా సెలవులు ఉండగానే హాస్టలుకు పోయింది. నేను బస్సు దాకా వెళ్లాను, అది కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆ కాస్త చెయ్యి ఊపినందుకు దేవునికి స్తోత్రం! పోయిన రోజులు నాకు తిరిగి రాలేదు, నా బిడ్డ ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు, అయినా నన్ను నాకు తిరిగి ఇచ్చిన దేవుణ్ణి నేను స్తుతించకుండా ఉండలేను.

అక్కలారా, మీలో ఎవరైనా కారణం తెలియకుండా ఏడుస్తుంటే, పిల్లల మీద చెయ్యి లేస్తుంటే, దాచుకోకండి. నా యేసయ్యను అడగండి, ఆయన వింటాడు, ఆయన ఎవరినైనా పంపుతాడు, పంపినవాళ్లు మన మందిరం వాళ్లు కాకపోయినా వాళ్ల మాట వినండి. ఇవాళ ఆరాధన అయ్యాక నేను వెంటనే ఇంటికి పోను, ఆ స్తంభం దగ్గర కూర్చుంటాను. వచ్చి నా పక్కన కూర్చోండి. ముందు కలిసి ప్రార్థన చేద్దాం, రేపు పొద్దున బస్సెక్కి కలిసే దవాఖానకు పోదాం. మహిమంతా ఆయనకే!