మిగిలిన జత

వానకు తడిసిన రబ్బరు చెప్పుల వాసన గుమ్మం దాటి ఇంట్లోకి వస్తోంది. అవి మా నాన్నవి. బాపు అనేవాళ్ళం. ఆయన పోయి నెల దాటింది.

బాపు గోదావరి ఒడ్డున బొగ్గుబాయిలో, భూమి లోపలి గనిలో, పనిచేసేవాడు. అక్కడ కిందికి దిగే ప్రతి మనిషీ తన ఇత్తడి బిళ్ళను పైన కొక్కేనికి తగిలించి, ఎక్కాక తీసుకునేవాడు. షిఫ్టు అయ్యాక బిళ్ళ మిగిలిందంటే మనిషి లోపలే ఉన్నట్టు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, పొలాల అమావాస్య మర్నాడు, మక్క గారెలు, ఎల్లిపాయ కారం మూట గట్టుకుని, బాపు, మేం అవ్వ అని పిలిచే అమ్మ, అన్న, నేను ఆదిలాబాద్ గుట్టల్లో ఒక జలపాతానికి వెళ్ళాం. జీపు దిగి, టేకాకుల మీద చినుకుల చప్పుడు వింటూ, మోకాళ్ళ దాకా తడిసిన గడ్డిలో, మనిషి జాడ లేని దారిన నడిచాం. నీళ్ళు కనబడకముందే హోరు వినిపించింది. నాకు వెనక్కి పోవాలనిపించింది.

లోయ అంచున బండ దగ్గర బాపు అందరినీ ఆపాడు.

"చెప్పులు గీడ్నే ఇడువుండ్రి. ఎక్కినంక ఎవ్వలయి వాళ్ళే తొడుక్కోవాలె."

"పండుగ తెల్లారి గూడ బాయి డ్యూటీయేనా?" అంటూనే అవ్వ విడిచింది.

కింద మేం ఆడుతుంటే బాపు పైనుంచి పడే నీళ్ళ రంగునే చూస్తూ కూర్చున్నాడు. తెల్లటి నీళ్ళు ఎర్రబడగానే, వరద వస్తోందని ఎక్కమన్నాడు. ఆయన మొహం చూసి భయపడి, ఆయన మళ్ళీ నీళ్ళవైపు తిరగగానే నేను అందరికంటే ముందు ఎక్కి, బండ దగ్గర ఆగకుండా, వట్టి కాళ్ళతో జీపు దాకా పరుగెత్తాను. అవ్వ, అన్న తమవి తొడుక్కుని హడావుడిగా నా వెనకే వచ్చారు.

"నీ చెప్పులేడున్నయే?" అంది అవ్వ. నేను జవాబు చెప్పేలోపే ఆమె మొహం మారిపోయింది. నన్ను అన్నకు అప్పగించి వెనక్కి ఉరికింది.

అందరికన్నా చివర ఎక్కిన బాపుకు బండ మీద రెండు జతలు కనిపించాయి. ఆయనది, నాది. ఆయన మళ్ళీ దిగాడు.

అన్న చేతిలో పెట్టిన గారె తినలేకపోయాను. వాన పెరిగింది. హోరు పెరిగిందో, నా చెవుల్లోనే అలా ఉందో తెలియలేదు. చాలాసేపటికి ఇద్దరూ వచ్చారు. అంచున నిలబడి అవ్వ ఎంత పిలిచినా ఆయనకు వినబడలేదట. వెతికి వెతికి, నీళ్ళు ఛాతీకి వచ్చాకే ఎక్కాడట. మోచేయి చీరుకుపోయింది. తిట్టలేదు. నా చెప్పులు నా కాళ్ళ ముందు పెట్టాడు.

"తొడుక్కో బిడ్డా. తొడుక్కుంటెనే నువ్వు ఎక్కినట్టు."

నేను తొడుక్కున్నాకే ఆయన జీపెక్కాడు.

ఆ గుట్టకు ఇప్పుడు తారు రోడ్డు పడింది, దిగే చోట ఇనుప కడ్డీలు పెట్టారు. బాపు దిగిన బాయి మూతబడింది. గుమ్మం ముందున్న జతను తీసేస్తానని పొద్దున అన్న అంటే వద్దన్నాను. జత మిగిలితే దిగి వెతకాలి. ఎక్కడ దిగాలో నాకు తెలియడం లేదు.