పేరు చెప్పని జబ్బు

కుట్టుమిషన్ తొక్కుతుంటే ఆయాసం వచ్చిన రోజు బాగా గుర్తు. బతుకమ్మ పండుగ ముందు, జాకెట్ల కోసం ఊరంతా నా ప్రాణం తీస్తోంది. ఒక చెయ్యి అతికించేసరికి రొప్పు మొదలైంది. "గిట్ల రొప్పుతున్నవేందే? రక్తం తక్కువైంది, ఆకుకూర తిను" అంది మా అత్త. తిన్నాను. ఆయాసం తగ్గలేదు సరికదా, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేదాన్ని.

మాది మణుగూరు దగ్గర అడవి అంచున ఊరు. ఆ ఏడే ఒక యూనివర్సిటీ మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్ మా ఊరిని దత్తత తీసుకుంది. వారానికోసారి డాక్టర్లూ విద్యార్థులూ బస్సులో వచ్చి పంచాయతీ ఆఫీసులో జనాన్ని చూసేవాళ్ళు. దవాఖానా ఇంటి ముందుకే వచ్చిందని సంబరపడి వెళ్ళాను. పెద్ద సారు నా గుండె మీద స్టెతస్కోప్ పెట్టగానే ఆయన మొహం వెలిగిపోయింది. "రండి రండి, క్లాసికల్ మర్మర్!" అని, గుండెలో వినిపించే ఆ వింత చప్పుడు వినమని పిల్లలందరినీ పిలిచారు.

"ఎడమ పక్కకు తిరగండి ఆంటీ." "ఊపిరి వదిలి ఆపండి ఆంటీ." ఆపడానికి ఊపిరి ఉంటే కదా నాయనా!

బ్యాచ్ మారినప్పుడల్లా మళ్ళీ అవే ప్రశ్నలు. చిన్నప్పుడు జ్వరం, కీళ్ళ నొప్పులు వచ్చాయా? వచ్చాయి. చెప్పీ చెప్పీ విసుగు పుట్టింది. "గుండెకు ఎకో స్కాన్ తీయించాలి, వచ్చే బ్యాచ్ వాళ్ళు తీసుకెళ్తారు" అనేవాళ్ళు. వచ్చే బ్యాచ్ వాళ్ళు "అయ్యో, పోయినవాళ్ళు తీయించలేదా?" అని ఆశ్చర్యపోయేవాళ్ళు.

చివరికి వాళ్ళ పరీక్షలకు నన్ను 'కేసు'గా కాలేజీకి తీసుకెళ్ళారు. మంచం మీద పడుకోబెట్టి సారు గట్టిగా చెప్పారు: "పిల్లలు అడుగుతారు. జబ్బేమిటో చెప్పొద్దమ్మా, వాళ్ళే కనుక్కోవాలి." నాకు తెలిస్తే కదా చెప్పడానికి! ఏం జబ్బు సారూ అని అడిగితే నవ్వి వెళ్ళిపోయారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. ఎకో గది ఆ పక్కనే ఉందట. పరీక్ష అయ్యేసరికి దానికి తాళం పడింది, బస్సుకు వేళైందన్నారు.

ఆ వానాకాలం ఒక పొద్దున దగ్గితే నోటి నిండా రక్తం. మా ఆయన తన ఆటోలోనే నన్ను భద్రాచలం తీసుకెళ్ళాడు. దవాఖానాలో నాకు ఆక్సిజన్ పెట్టి, డ్యూటీ డాక్టరు మా ఆయన్ను అడిగాడు:

"ఇంతకుముందు ఎవరికైనా చూపించారా?"

"అవ్ సార్, శానామంది చూసిండ్రు."

"ఏం జబ్బన్నారు?"

"చెప్పొద్దన్నరు సార్."

"ఆమె ప్రాణం మీదికొస్తే దాస్తావేందయ్యా, చెప్పు!"

"మాకే చెప్పలే సార్!" అని మా ఆయన భోరుమన్నాడు. ఆక్సిజన్ మాస్కు కింద నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

రక్తం పడింది కాబట్టి టీబీ కావచ్చని కళ్ళె పరీక్షకు పంపారు. అందులో ఏమీ లేదు. అప్పుడొక మేడమ్ వచ్చి, గుండె విని, నా పక్కనే కూర్చుంది. "ఇది మైట్రల్ స్టెనోసిస్. చిన్నప్పటి కీళ్ళ జ్వరం వల్ల గుండెలో ఒక వాల్వ్ ఇరుకైపోయింది. వెడల్పు చేయొచ్చు, భయపడకు." అంతమంది విన్నారు, జబ్బు పేరు నాకు చెప్పింది ఆవిడొక్కతే. హైదరాబాద్ పంపించారు. ఎకో తీశారు, తొడ దగ్గర నుంచి తీగ పంపి బెలూన్‌తో వాల్వ్ తెరిచారు. ఆ వారం వెల్లకిలా పడుకుని నిద్రపోయాను. ఎన్నాళ్ళకో!

ఇప్పుడు మిషన్ తొక్కుతున్నాను. కాలేజీ బస్సు ఇంకా వస్తోంది. వాళ్ళు చెడ్డవాళ్ళని అనను, ఆ జ్వరం మళ్ళీ రాకుండా మూడు వారాలకోసారి నా పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇప్పుడు వాళ్ళే ఇస్తున్నారు. నేను చెప్పేది ఒక్కటే: ఎవరొచ్చి చూస్తానన్నా చూడనివ్వండి, కానీ జబ్బు పేరు చెప్పించుకోకుండా మంచం దిగకండి. ఆ పేరు ఇంట్లోవాళ్ళకూ నోటికి రావాలి.

మొన్న కొత్త బ్యాచ్ వచ్చింది. ఒక అమ్మాయి నా గుండె మీద స్టెతస్కోప్ పెట్టి కళ్ళు మూసుకుంది. చెప్పొద్దని సారు నాకు సైగ చేస్తున్నారు. ఈలోగా గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయన గొంతెత్తి అరిచాడు: "మైట్రల్ స్టెనోసిస్! బెలూన్ అయింది! రాస్కో బిడ్డా!"

సారు తల పట్టుకున్నారు. పట్టుకోనీ.